ఉదయం ఏడింటి రీడింగు

మా నాన్నకు ప్రకృతి దృశ్యాలతో పెద్దగా పని లేదు. ముప్పై నాలుగేళ్లు కాలువల మీద సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. జలపాతం చూపిస్తే ఎత్తెంత అని అడుగుతారు. చెరువు చూపిస్తే గట్టు మీద బెంచ్‌మార్క్ రాయి ఎక్కడుందో వెతుకుతారు. పోయిన ఏడాది ఆగస్టులో సియాటిల్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, చుట్టాలందరినీ తిప్పే చోట్లు ఆయనకు నచ్చవని నాకు ముందే తెలుసు. అందుకని సెయింట్ హెలెన్స్‌కు తీసుకెళ్లాను. 1980 మే 18 ఆదివారం ఉదయం పేలిన అగ్నిపర్వతం అది.

ప్రయాణానికి వారం ముందు టాబ్లెట్‌లో ఒక పుస్తకం తెరిచి చేతికిచ్చాను. అమెరికా ప్రభుత్వ భూగర్భ పరిశీలన సంస్థ యూఎస్‌జీఎస్ 1981లో వేసిన ప్రొఫెషనల్ పేపర్ 1250. పీటర్ లిప్‌మన్, డోనల్ మలినో సంపాదకులు, 844 పేజీలు. ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. నేను దాన్ని బొమ్మల పుస్తకంలా తిరగేసి వదిలేసిన దాన్ని. నాన్న బొమ్మల జోలికే పోలేదు. కొండ ఉత్తర పార్శ్వం ఉబ్బడం గురించి, ఆ ఉబ్బును కొలిచిన పద్ధతి గురించి ఉన్న అధ్యాయం దగ్గర కూర్చున్నారు. రెండో రోజు పొద్దున్నే పిలిచారు.

"తల్లీ, ఇక్కడ అచ్చుతప్పు పడినట్టుంది. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు అని రాశారు."

"అచ్చుతప్పు కాదు నాన్నా."

"కొండ రోజుకు రెండు మీటర్లు జరగడమేమిటి?"

జరిగింది మరి. మార్చి 20న 4.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. 27న శిఖరం మీది మంచును చీల్చుకుని ఆవిరి ఎగసింది. ఇక శిలాద్రవం కొండ లోపలికి ఎక్కుతూ, బయటికి దారి దొరకక, ఉత్తర పక్కను లోపలి నుంచి తోసుకుంటూ వచ్చింది. మే మధ్య నాటికి ఆ పక్క 140 మీటర్ల దాకా ముందుకు పొడుచుకొచ్చింది. జీవితమంతా మిల్లీమీటర్ల తేడాకు లెవెలింగ్ మళ్లీ చేయించిన మనిషి ఈ అంకెను మింగడానికి ఒక పూట పట్టింది.

అక్కడి నుంచి ఆయన ఆసక్తి అంతా ఈ కొలత ఎవరు తీశారు, దేనితో తీశారు అన్నదాని మీదికి మళ్లింది. కోణాలు కొలిచే థియోడొలైట్లు, లేజరుతో దూరం కొలిచే యంత్రాలు. కొండ పక్కన హెలికాప్టర్‌లో దిగి, గురిపెట్టి చూడడానికి గుర్తులు పాతి వచ్చేవారు. వాటికి ఎదురుగా దూరపు గుట్టల మీద నిలబడి కోణం, దూరం చదివేవారు. ఏప్రిల్‌లో కొండ పాదంలోని స్పిరిట్ సరస్సు ఒడ్డున చెట్ల మొద్దులకు మామూలు చెక్క గజంబద్దలు మేకులతో కొట్టారట. కొండ ఉబ్బితే ఒడ్డు ఒరగాలి, ఒరిగితే సరస్సు ఒక చివర నీటిమట్టం పెరిగి మరో చివర తగ్గాలి. అంటే సరస్సు మొత్తాన్నీ రసమట్టంగా వాడుకున్నారన్నమాట. ఇది చదివి నాన్న ఎంత సంబరపడ్డారో చెప్పలేను. ఆ రోజు భోజనం దగ్గర మా ఆయనకు రెండుసార్లు వివరించారు.

ఎందుకు అన్ని కొలతలు? ఆ కొండ పేలుతుందని చాలా ముందే అనుకున్నారు కనుక. 1857 తర్వాత అది నిద్రపోయింది. కానీ డ్వైట్ క్రాండెల్, మలినో ఇద్దరూ ఏళ్ల తరబడి పాత బూడిద పొరలు తవ్వి చూసి, ఈ శతాబ్దం ముగిసేలోపే మళ్లీ లేవవచ్చని 1975లోనే రాశారు. 1978లో ప్రమాదాల అంచనాతో వివరమైన నివేదిక ఇచ్చారు. ఉబ్బు మొదలయ్యాక బారీ వాయిట్ అనే ఆయన, కొండచరియలు చదివినవాడు, ఉత్తర పక్క మొత్తంగా జారిపడవచ్చని హెచ్చరించాడు. ఏమీ తెలియకుండా జరిగిన ఘోరం కాదిది. తెలిసీ, కొలుస్తూ ఉండగానే జరిగింది. నన్ను పట్టి లాగేదీ ఇదే.

కోల్డ్‌వాటర్ 2 అని ఒక పరిశీలన స్థానం. కొండకు ఉత్తరంగా పది కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట మీద ఒక ట్రైలరు, దూరం కొలిచే పరికరం, రేడియో. హ్యారీ గ్లికెన్ అనే కుర్రవాడు రెండు వారాలు అక్కడే ఉన్నాడు. పై చదువు విషయమై ప్రొఫెసరును కలవాల్సి వచ్చి మే 17 సాయంత్రం దిగిపోయాడు. ఆ రాత్రికి అతని బదులు ముప్పై ఏళ్ల డేవిడ్ జాన్‌స్టన్ వచ్చాడు. మరునాడు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో జాన్‌స్టన్ లేజరుతో ఉబ్బును కొలిచి, ఆ రీడింగులను రేడియోలో పంపాడు.

ఆ రీడింగులలో విశేషమేమీ లేదు.

ఉబ్బు పెరిగే వేగం అంతకు ముందు రోజుల మాదిరిగానే ఉంది. గంధకపు వాయువు లెక్కలోనూ, నేల వేడిమిలోనూ తేడా కనిపించలేదు. గంటన్నర తర్వాత, 8 గంటల 32 నిమిషాలకు, 5.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొద్ది సెకన్లలోనే ఉత్తర పక్క మొత్తం ఊడి జారింది. మూత తీసినట్టయి లోపలి ఒత్తిడి పక్కకు పేలింది. అందరూ అనుకున్నట్టు పైకి కాదు, పక్కకు. జాన్‌స్టన్ రేడియోలో "వాంకూవర్! వాంకూవర్! ఇదే అది!" అన్నాడు. ఆ వాంకూవర్ కెనడాలోది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోదే. అక్కడే వారి కార్యాలయం. మాట అక్కడికి చేరనేలేదు, దారిలో ఒక రేడియో అభిరుచిపరుడు విన్నాడు. జాన్‌స్టన్ శరీరం దొరకలేదు. ట్రైలరు ముక్కలు 1993లో రోడ్డు పనివారికి దొరికాయి.

నాన్న ఆ పేజీ దగ్గర టాబ్లెట్ పక్కన పెట్టేశారు. కాసేపటికి అడిగారు. "ఆ చివరి రీడింగు పుస్తకంలోకి ఎక్కించారా?"

"ఎక్కించారు."

"సరే."

ఈ "సరే" వెనుక ఏముందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నదే. ఫీల్డ్‌బుక్‌లో రబ్బరు వాడకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. పనికిరాని రీడింగు అని ఏదీ ఉండదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. "తేడా ఏమీ కనిపించలేదు" అని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ ఏ పనీ చేయనట్టు సిగ్గుపడే దాన్ని. ఆ రోజు నుంచి కొంచెం తగ్గించాను.

శనివారం వేకువనే బయలుదేరాం. కొండకు పడమటి వైపు రోడ్డు మూసి ఉంది, ఆ కథ చివర చెబుతాను. తూర్పు వైపు నుంచి, రాండెల్ ఊరు దాటి అడవిలోకి, 99వ నంబరు అటవీ రోడ్డు మీద విండీ రిడ్జ్ దాకా వెళ్లాం. మలుపులకు అంతు లేదు. దారిలో బేర్ మెడో అనే చోట ఆగాం. ఇక్కడి నుంచి కొండ నైరుతిగా దాదాపు 18 కిలోమీటర్లు.

1980 మే 18న ఇక్కడ గ్యారీ రోజెన్‌క్విస్ట్ అనే వ్యక్తి మిత్రులతో విడిది చేసి ఉన్నాడు. శాస్త్రవేత్త కాడు. కెమెరా స్టాండు మీద బిగించి ఉంది. కొండ కదులుతోందని పక్కవారు అనగానే బటన్ నొక్కడం మొదలుపెట్టాడు. పార్శ్వం జారడం, దాని వెనుక నుంచి నల్లని మేఘం పొడుచుకురావడం, ఆ మేఘం జారుతున్న చరియను దాటి ముందుకు దూకడం వరుసగా పడ్డాయి. తర్వాత కారెక్కి పారిపోయారు. పేలుడు మేఘం అక్కడికి కొంచెం ముందే ఆగింది.

చిక్కేమిటంటే ఆ ఫొటోల మీద సమయం లేదు. కొండచరియ ప్రమాదం గురించి హెచ్చరించిన ఆ బారీ వాయిటే వాటిని ముందు వేసుకుని, భూకంప నమోదుతోనూ ఇతరుల ఫొటోలతోనూ కథనాలతోనూ సరిచూసి, ఏ ఫొటో ఏ సెకనుకు తీసిందో లెక్కకట్టాడు. ఆ సమయానికి భూగర్భ శాస్త్రజ్ఞులు కీత్, డొరొతీ స్టాఫెల్ దంపతులు చిన్న విమానంలో సరిగ్గా శిఖరం మీదే ఉన్నారు. కింద కొండ ఉత్తర పక్క మొత్తం అలలుగా కదిలి ఉత్తరానికి జారడం కళ్లారా చూశారు. పైలట్ విమానాన్ని నిట్టనిలువుగా కిందికి దించి, ఆ వేగంతో మేఘం నుంచి తప్పించాడు. వీటన్నిటినీ కలిపితే, మొదటి నిమిషంలో జరిగింది సెకన్ల లెక్కన ఈ రోజు మనకు తెలుసు. 1956లో రష్యాలోని కమ్‌చాట్కాలో బెజిమ్యాన్నీ అగ్నిపర్వతం ఇలాగే పక్కకు పేలింది. దగ్గరలో చూసినవారు లేరు. మిగిలిన ఆనవాళ్లను బట్టి గోర్ష్‌కోవ్ అనే అక్కడి శాస్త్రవేత్త ఊహించి రాయాల్సి వచ్చింది.

అందరి ఫొటోలూ దక్కలేదు. రీడ్ బ్లాక్‌బర్న్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు దూరం నుంచి నడిపే కెమెరాలను చూసుకుంటూ కోల్డ్‌వాటర్ 1 అనే మరో స్థానం దగ్గర ఉన్నాడు, అక్కడే చనిపోయాడు. కారు కిటికీల దాకా బూడిదలో కూరుకుపోయి కనిపించింది. ఆ వేడికి అతని ఫిల్ము పాడైపోయింది. 2013లో అతను పనిచేసిన పత్రిక కార్యాలయంలో, కడగని ఫిల్ము చుట్ట ఒకటి పాత పెట్టెలో బయటపడింది. కడిగితే ఏప్రిల్ నాటి కొండ, ఇంకా నిండుగా ఉన్న కొండ, కనిపించింది. నాన్నకు ఇది చెప్పినప్పుడు మేము కారులో పులిహోర తింటున్నాం. ఆయన తినడం ఆపి, "ముందు తీసినదే కదా తర్వాత పనికొచ్చేది" అన్నారు. మళ్లీ తినసాగారు.

ఆ ఉదయం మొత్తం 57 మంది చనిపోయారు. ఎక్కువ మంది నిషేధిత ప్రాంతానికి బయట ఉన్నవారే. సరస్సు దగ్గర ఇళ్లున్నవారు సామాను తెచ్చుకుంటామని గొడవ చేస్తే శనివారం ఒక విడత లోపలికి పంపారు. రెండో విడత ఆదివారం ఉదయం పది గంటలకు వెళ్లాల్సింది. గంటన్నర తేడాలో ఎందరో బతికారు. ఆదివారం కాబట్టి అడవిలో చెట్లు కొట్టే కూలీలూ లేరు.

విండీ రిడ్జ్ చేరేసరికి పదకొండు దాటింది. బండి నిలిపేందుకు ఐదు డాలర్ల పాసు. పైన చూడడానికి మూడు వందలకు పైగా మెట్లు. నాన్న కింద బల్ల మీదే కూర్చుంటానన్నారు, నేనూ ఆగిపోయాను. ఎదురుగా ఉత్తరం వైపు నోరు తెరిచిన బిలం. 2,950 మీటర్ల శిఖరం ఒక్క ఉదయంలో 2,549కి దిగింది. జారిన రాయి, మట్టి సుమారు రెండున్నర ఘన కిలోమీటర్లు. మనిషి రికార్డులు రాసిన కాలంలో ఇంతకన్నా పెద్ద కొండచరియ లేదు. నాన్న జేబులోని కాగితం మీద గుణించి, "ఎనభై ఎనిమిది టీఎంసీలు" అన్నారు. నాకు ఆ కొండ పరిమాణం అప్పుడు తలకెక్కింది. రిజర్వాయరు లెక్కల్లో చెబితే తప్ప మా ఇంట్లో ఎవరికీ ఏదీ అర్థం కాదు.

కింద స్పిరిట్ సరస్సు. దాని మీద ఒక మూల బూడిదరంగు చాప పరిచినట్టుంటే రేవు అనుకున్నాను. దుంగలు! నలభై ఏళ్లు దాటినా తేలుతూనే ఉన్నాయి. చరియలో కొంత భాగం సరస్సులో పడి నీళ్లను ఎదుటి వాలు మీదికి 260 మీటర్ల ఎత్తుకు తోసింది. పడగొట్టిన చెట్లను ఆ నీళ్లే తిరిగి వస్తూ ఊడ్చుకొచ్చాయి. సరస్సు మట్టం సుమారు 60 మీటర్లు పెరిగింది, బయటికి పోయే దారి మూసుకుపోయింది. అడ్డుపడ్డ మట్టికట్ట తెగితే కింది ఊళ్లు కొట్టుకుపోతాయని, కొండను తొలిచి రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వేసి 1985లో నీళ్లు వదిలారు. నాన్న ఇక్కడ పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. అది రాయను. సొరంగం తూము గురించి.

బూడిద సంగతి వేరే చెప్పాలి. మేఘం పావుగంటలో 24 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తూర్పుకు సాగింది. కొలిచేవారికి తొందర పని అది. గాలికి ఎగిరిపోక ముందే, వానకు అణగక ముందే మందం చూసి రాసుకోవాలి. ఆ పటం గీస్తే వింత కనిపించింది. దూరం పోయేకొద్దీ మందం తగ్గాలి కదా, మొదట తగ్గింది. దాదాపు 300 కిలోమీటర్లకు అవతల, రిట్జ్‌విల్ ఊరి చుట్టుపక్కల మళ్లీ పెరిగింది. పిండిలాంటి సన్నని బూడిద అయితే గాలిలో ఇంకా చాలా దూరం పోవాలి, అక్కడే ఎందుకు దిగిందన్నది ప్రశ్న. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టి, బరువెక్కి ముందే రాలాయని తర్వాత తేల్చారు. అలా పటం మీద కుదరని అంకెలను సర్దేయకుండా ఉంచినందువల్ల ఒక కొత్త సంగతి తెలిసింది.

హ్యారీ గ్లికెన్ విషయం మధ్యలో వదిలేశాను. తన బదులు వచ్చిన మనిషి పోయాడన్న బరువుతో అతను మళ్లీ అదే లోయకు వచ్చాడు. చరియ తెచ్చి పడేసిన మట్టి టూటిల్ నది లోయలో ఇరవై కిలోమీటర్లకు పైగా గుట్టలు గుట్టలుగా పేరుకుంది. పైకి చూస్తే తలాతోకా లేని చెత్త. గ్లికెన్ ఏళ్ల తరబడి ఆ గుట్టల మధ్య నడిచి, ఏ గుట్టలోని రాయి పాత కొండలో ఏ పొర నుంచి వచ్చిందో గుర్తించి పటం వేశాడు. జారిపోయిన కొండ పక్కను ముక్కల నుంచి తిరిగి పేర్చాడనాలి. ఆ గుట్టల పోలిక తెలిశాక, కాలిఫోర్నియాలో షాస్టా పర్వతం పక్క లోయలో ఎప్పటి నుంచో ఎవరికీ అంతుపట్టని గుట్టలు ఏమిటో క్రాండెల్ బృందం చెప్పగలిగింది. మూడు లక్షల ఏళ్ల కిందట అక్కడా ఒక కొండ ఇలాగే జారింది.

గ్లికెన్ 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర వేడి బూడిద ప్రవాహంలో చనిపోయాడు. సెయింట్ హెలెన్స్ చరియ మీద అతని పని 1996లో యూఎస్‌జీఎస్ నివేదికగా వచ్చింది. నాన్నకు ఈ సంగతి తిరుగు ప్రయాణంలో చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉన్నారు.

ఇంకొకటి మాత్రం ఆయనే నాకు చూపించారు. ఆ పేలుడు తర్వాత బిలం లోపల గట్టి లావా బొడిపెలా పెరగసాగింది. 1986 దాకా విడతలు విడతలుగా సాగింది. యూఎస్‌జీఎస్ వాళ్లు బిలంలో దిగి, నేల మీది పగుళ్లకు రెండు పక్కలా గూటాలు పాతి, మధ్య దూరాన్ని స్టీలు టేపుతో కొలిచారు. స్టీలు టేపు! ఒక్కో విడతకు ముందు ఆ దూరం మొదట నెమ్మదిగా, తర్వాత రోజురోజుకూ వేగంగా మారేది. 1980 జూన్ నుంచి 1982 డిసెంబరు వరకు వచ్చిన 13 విస్ఫోటాలను ముందే చెప్పారు. చివరి ఏడింటిని మూడు రోజుల నుంచి మూడు వారాల ముందుగా. మే 18 ఉదయం ఏమీ పలకని కొలత రకమే ఇక్కడ గంట కొట్టినట్టు పలికింది.

"లోపలి కారణం వేరు" అన్నారు నాన్న. "అక్కడ గోడ కూలింది. ఇక్కడ తలుపు తీసుకుని వస్తోంది. టేపు తప్పు కాదు."

తర్వాత లూపిన్ పూలు చూశాం, ఊదారంగువి. పేలిన రెండేళ్లలోపే ఆ బూడిద మైదానంలో మొలకెత్తిన మొక్క జాతి. గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలుపుకోగలదు కనుక ఆ ఒట్టి రాతిపొడిలో బతికింది. నేల కింద బొరియల్లో ఉండి బతికిపోయిన ఎలుకజాతి జంతువులు పాత మట్టిని పైకి తోడాయట. జీవశాస్త్రవేత్తలు ఇప్పటికీ వచ్చి అవే చోట్ల లెక్కలు తీసుకుంటూనే ఉన్నారు. నాన్నకు పూల మీద ఆసక్తి లేదని చెప్పాను కదా. లెక్కపెట్టడానికి ఎన్ని గజాల గడి తీసుకుంటారని అడిగారు.

పడమటి రోడ్డు సంగతి. జాన్‌స్టన్ ఉన్న గుట్టకు ఇప్పుడు అతని పేరే, అక్కడ సందర్శకుల కేంద్రం ఉంది. 2023 మే 14న పక్క కొండ నుంచి మట్టి జారి ఆ దారిలోని వంతెనను కొట్టుకుపోయింది. నాన్న చూడాలనుకున్నది అదే, ఏడింటి రీడింగు తీసిన చోటు. కుదరలేదు. తిరిగి వెళ్లినప్పటి నుంచి ఆదివారం ఫోనులో మనవరాలి చదువు, నా నడుం నొప్పి అయ్యాక, పెట్టేసే ముందు తప్పకుండా ఒకటి అడుగుతారు.

"ఆ వంతెన వేశారా?"

"ఇంకా లేదు నాన్నా."

"సరే."